ఏవ్‌బరీ: రాళ్లను పాతిపెట్టిన ఊరు

స్టోన్‌హెంజ్‌తో పాటు ఏవ్‌బరీ ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది 1986లో. 2026తో 40 ఏళ్లు. పేరంతా స్టోన్‌హెంజ్‌కే పోయింది గానీ, నా మనసు ఏవ్‌బరీ మీదే. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ కౌంటీలో ఉన్న ఈ పల్లెలో కొన్ని ఇళ్లు నిలువురాళ్ల వలయం లోపలే ఉన్నాయి. రాళ్ల పక్కనే గొర్రెలు మేస్తాయి, మధ్యలోంచి రోడ్డు పోతుంది. వెళ్లినవాళ్లు రాతి మీద చెయ్యి వేసి నిలబడవచ్చు.

ఊరికి దక్షిణాన వెస్ట్ కెన్నెట్ సమాధి దిబ్బ ఉంది. సుమారు 5,600 ఏళ్ల నాటిది, కనీసం 36 మంది ఎముకలు దొరికాయి. దగ్గర్లోనే సిల్బరీ హిల్, మనుషులు దాదాపు 40 మీటర్ల ఎత్తున పోసిన సుద్ద గుట్ట. 1776లో పైనుంచి బావిలా తవ్వారు, ఆ తర్వాతా తవ్వారు. సమాధీ లేదు, నిధీ లేదు. రాతి వలయానిది సుమారు నాలుగున్నర వేల ఏళ్ల వయసు, వెలుపలి వరుసలోనే వంద దాకా రాళ్లుండేవి. రోమన్లు గుట్ట పక్కనుంచి రోడ్డు వేసుకుని పోయారు. శాక్సన్లు చర్చి కట్టుకున్నారు.

ఇక 14వ శతాబ్దానికి వచ్చేస్తాను, అసలు కథ అక్కడుంది. ఆ రోజుల్లో ఊరివాళ్లు రాయి పక్కన గొయ్యి తీసి, రాయిని అందులోకి పడదోసి మన్ను కప్పేవారు. క్రైస్తవానికి ముందటి కొలుపుల గుర్తులని జంకి ఉంటారని పండితుల ఊహ. ఆ గోతులను ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ తెరిచినవాడు అలెగ్జాండర్ కీలర్, మార్మలేడ్ (నారింజ జామ్) వ్యాపారంలో గడించిన డండీ పట్టణపు కుటుంబానికి వారసుడు. ఆ సొమ్మును తవ్వకాలకు ధారపోసిన ఈయన 1938లో అలా పాతిన రాయినొకదాన్ని పైకి తీయించాడు. కింద ఒక మగమనిషి అస్థిపంజరం. దగ్గర కత్తెర, సన్నటి ఇనుప పనిముట్టు, 14వ శతాబ్దపు తొలినాళ్ల వెండి నాణేలు. క్షవరం చేసేవాళ్లే పుళ్లు కోసి, రక్తం తీసి వైద్యం చేసే కాలమది. కనుక ఆయన క్షురవైద్యుడన్నారు. రాయిని పడదోయడానికి తానూ ఓ చెయ్యి వేస్తే అది మీద పడిందన్న కథ స్థిరపడింది. ఎముకలు లండన్‌లోని శస్త్రవైద్యుల కళాశాలకు చేరాయి. 1941లో ఆ భవనం మీద బాంబులు పడ్డాయి, ఎముకలూ పోయాయనే అనుకున్నారు. 1990ల చివర అవి నేచురల్ హిస్టరీ మ్యూజియంలో కనిపించాయి! మళ్లీ పరీక్షిస్తే రాయి నలిపిన జాడ లేదు. ముందే చనిపోయిన మనిషిని గోతిలో ఉంచారేమో. పనిముట్లూ డబ్బూ ఆయన దగ్గరే వదిలారు. పూడ్చినవాళ్లు మర్యాద తెలిసినవాళ్లే అనిపిస్తుంది.

పాతిన రాళ్లు బతికాయి. 17, 18 శతాబ్దాల్లో మిగతావాటిలో చాలావాటిని మంటలో కాల్చి, చన్నీళ్లు పోసి, సమ్మెటలతో పగలగొట్టి గోడలకు వాడుకున్నారు. ఆ విధ్వంసం సాగుతుండగానే పురాతన కట్టడాల పరిశోధకుడు విలియం స్టూక్లీ గీసిన బొమ్మలే పోయిన రాళ్లకు ఆచూకీ. కీలర్ పాతినవాటిని లేపి నిలబెట్టాడు, పోయినచోట సిమెంటు దిమ్మెలు పెట్టించాడు. ఆ పనిలో వలయంలోని కొన్ని ఇళ్లూ కూలాయి. 1943లో స్థలాన్ని వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌కు 12,000 పౌండ్లకు అమ్మాడు. రాళ్ల కోసం సంసారాలను కదిలించడం నాకు మింగుడుపడదు. ఇంకా కొన్ని రాళ్లు నేలలోనే ఉన్నాయని సర్వేలు చూపాయి. వాటిని లేపాలంటే ఆ పాత ఊరివాళ్లు తీసిన గోతులను చెరపాలి. నేనైతే వద్దంటాను.