ఎల్లిగాడు, అబ్రహాం, ఆది ఆంధ్ర: పడమటి ప్రకాశం రికార్డులను జతపరచడంలో చిక్కులు

గిద్దలూరు దగ్గర మా పల్లె చరిత్ర రాద్దామని కూర్చుంటే నా ముందుకు నాలుగు రిజిస్టర్లు వచ్చాయి. ఒకటి 1860ల నాటి ఇనాం రిజిస్టరు. రెండోది రీసెటిల్మెంటు రిజిస్టరు, మా జనం నోట ‘డైగ్లాట్’. మూడోది చర్చి బాప్తిస్మాల పుస్తకం. నాలుగోది 1930ల నాటి బడి అడ్మిషన్ రిజిస్టరు. నాలుగూ ఒకే పల్లె గురించే. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం నాలుగు ఊళ్ళ మనుషుల్లాగా వున్నారు. మొదటి దాంట్లో ‘ఎల్లిగాడు, వెట్టి’. రెండో దాంట్లో ‘మాదిగ ఎల్లడు’. మూడో దాంట్లో ‘అబ్రహాం’. నాలుగో దాంట్లో పిల్లవాడి తండ్రి ‘ఎల్లయ్య’, కులం ‘ఆది ఆంధ్ర’. పేర్లు మార్చి రాస్తున్నాను. మా యింటి సంగతే అయినా, యిందులో తగాదా వుంది, ఆ తగాదాలో వున్నోళ్ళు యింకా బతికే వున్నారు.

వీళ్ళలో మావోళ్ళు ఎవరు? నా చిక్కు అక్కడ మొదలైంది. రాజుల చరిత్ర రాసేవాడికి యీ బాధ లేదు. శాసనంలో వంశావళి చెక్కించి పెట్టారు. మెకంజీ కోసం కైఫీయత్తులు సేకరించినవాళ్ళు కూడా ఊరి కరణాన్ని అడిగారు, గుడి పూజారిని అడిగారు, పల్లె దాకా రావడం అరుదు. మనం రికార్డులో కనిపించేది పన్ను కోసమో, వెట్టి కోసమో, ఆత్మల లెక్క కోసమో. ఎవరి అవసరానికి వాళ్ళు మనకు పేరు పెట్టుకున్నారు. ఆ పేర్లన్నిటినీ యిప్పుడు ఒకచోటికి తేవాలి.

ముందు కాయితం ఎక్కడుందో చెప్పాలి. మార్కాపురం, కంభం, గిద్దలూరు సీమను 1800లో నిజాం కంపెనీకి వదులుకున్నాక కడప జిల్లాలో వుంచారు. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడ్డప్పుడు అటు మార్చారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు యిటు తెచ్చారు, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. కాబట్టి ఒక్క సర్వే నంబరు వెనకాల పోవాలంటే మూడు జిల్లాల కాగితాలు తిరగెయ్యాలి, చెన్నై ఆర్కైవ్సుకు కూడా పోవాలి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు కొన్ని పుస్తకాలు తాలూకాఫీసుకు చేరాయి, కొన్ని కరణాల యిండ్లలోనే వుండిపోయాయి. యింకో సంగతి, కరణం లెక్క ఫసలీలో వుంటుంది. ఫసలీకి 590 కలిపితే యింగ్లీషు సంవత్సరం వస్తుంది, కానీ ఫసలీ మొదలయ్యేది జులై ఒకటిన. చర్చి పుస్తకం జనవరి నుంచి డిసెంబరు దాకా. యిది చూసుకోకుండా నేను మొదట్లో ఒక చావును ఒక పెళ్ళికి ముందు పెట్టాను.

తేదీలు సవరించుకోవచ్చు. కుల పద్దులు అంత తేలికగా లొంగవు. 1871 జనాభా లెక్కల్లో మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళు అంటరాని కులాలన్నిటినీ ‘పరయా’ అనే ఒక్క పద్దు కిందికి తోశారు. అరవదేశపు మాట అది. మా పడమటి సీమలో మాలోడూ మాదిగోడూ ఒక బావి నీళ్ళు తాగని కాలంలో, లెక్కలో యిద్దర్నీ ఒకటి చేశారు. మనమీద ప్రేమతో రాసినవాళ్ళు కూడా ఆ మాట వదల్లేదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించే ఒక పుస్తకం వేసింది, దాని పేరులోనే మనం ‘తెలుగు పరయా తెగ’. ఆమె భర్త జాన్ క్లౌ 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం యిప్పించాడు. నల్లమలలో పుట్టి మా కంభం చెరువును నింపే ఆ గుండ్లకమ్మే. అది కరువు వెన్నంటి వచ్చిన ఏడు. ఆ మునిగినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆ తర్వాతి జనాభా లెక్కల్లో యిటువంటి కుటుంబాలు కులం పద్దులోంచి లేచి ‘స్వదేశ క్రైస్తవులు’ అనే పద్దులోకి పోయాయి. లెక్క మాత్రమే చూసే చరిత్రకారుడు మాదిగలు తగ్గారని రాస్తాడు. ఎవరూ తగ్గలేదు, పద్దు మారింది.

‘ఆది ఆంధ్ర’ కథ యింకా చూడాలి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో మనవాళ్ళు ‘పంచమ’ అనే మాటను తోసేసి ఆ పేరు పెట్టుకున్నారు. యీ నేల మొదటివాళ్ళం మేమే అని చెప్పుకున్న పేరు అది. 1922లో మద్రాసు ప్రభుత్వం జీవో యిచ్చి ఒప్పుకుంది. అప్పుడు ఆ మాట మాల, మాదిగలనిద్దరినీ కప్పే గొడుగు. తర్వాత షెడ్యూల్డు కులాల జాబితా వచ్చింది. అందులో మాల ఒక కులం, మాదిగ ఒక కులం, ఆది ఆంధ్ర యింకో కులం. గొడుగు కాస్తా గొడుగు కింద నిలబడ్డ మూడో మనిషి అయింది. 2000 నాటి వర్గీకరణ చట్టంలో మాదిగ ‘బి’లో వుంటే ఆది ఆంధ్ర ‘డి’లో వుంది. 2004లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెయ్యొచ్చని అదే కోర్టు చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్ 59 కులాలను మూడు గుంపులు చేసినప్పుడు ఆది ఆంధ్ర మాలల గుంపులోకి చేరింది. మాట ఒక్కటే, నూరేళ్ళలో నాలుగు చోట్ల కూర్చుంది.

యిప్పుడు ఆ బడి రిజిస్టరు గుర్తుతెచ్చుకోండి. పిల్లవాణ్ణి మాదిగ అని పిలవడం యిష్టం లేకనో, అదే గౌరవమనో పంతులు ‘ఆది ఆంధ్ర’ అని రాశాడు. ఆ పిల్లవాడి మునిమనవడు సర్టిఫికెట్టు కోసం ఆ కాయితమే పట్టుకుపోతే ఏ గుంపులోకి పోతాడు? నా చదువు రోజుల్లో ఒక ఆఫీసులో గుమాస్తా నాతో అన్నాడు, “మీ తాత టీసీలో ఒకటి, మీ నాయన దాంట్లో ఒకటి, ఏది నిజమయ్యా?” రెండూ నిజమే సార్ అంటే నవ్వాడు. చర్చి పుస్తకం కూడా చూపించి వుంటే బీసీ ‘సి’ అనేవాడు. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులం కాడు గదా.

యిటువంటి చిక్కే కంప్యూటర్ శాస్త్రవాళ్ళకూ వుందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక రిజిస్టరులో ఏయే రకాల వస్తువులున్నాయి, ఏది దేని కిందికి వస్తుంది, ఏది దేనితో ముడిపడి వుంది అని రాసిపెట్టిన చట్రాన్ని వాళ్ళు ఆంటాలజీ అంటారు. రెండు చోట్ల రెండు చట్రాలుంటే, యిందులోది అందులోని దేనితో సరిపోతుందో తేల్చాలి. 2004 నుంచి ఏటేటా దీనిమీద పోటీలు నడిచాయి. ఎలుక శరీర భాగాల పట్టికకూ మనిషి శరీర భాగాల పట్టికకూ జత కలపడం అందులో పేరున్న పరీక్ష. ఏ ఒక్క పద్ధతీ చాలదని వాళ్ళు ముందే గ్రహించారు. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో దో, రామ్ అనే యిద్దరు 2002లో ‘కోమా’ అని ఒకటి తయారుచేశారు. అది పేర్ల పోలిక చూస్తుంది, చట్రంలో యిరుగుపొరుగును చూస్తుంది, ఒక్కోదానికి సున్నా నుంచి ఒకటి దాకా మార్కు వేస్తుంది, తర్వాత ఆ మార్కుల్ని కలుపుతుంది. సగటు తియ్యొచ్చు, అన్నిట్లో పెద్దది తీసుకోవచ్చు, చిన్నది తీసుకోవచ్చు, ఒకదానికి ఎక్కువ బరువు యివ్వొచ్చు.

నేనూ అదే చేశాను, చేత్తో, పలకల ఊరు మార్కాపురంలో కొన్న లెక్కల పుస్తకంలో. పేరు పోలిక మొదటిది. ఎల్లిగాడు, ఎల్లడు, ఎల్లయ్య దగ్గర దగ్గరగానే వున్నాయి. కరణం కలం కింద మనవాళ్ళందరూ ‘గాడు’లే, ఆ తోక కోసేస్తే మొదలు మిగులుతుంది. అబ్రహాం దగ్గర యీ పద్ధతి చేతులెత్తేసింది, ఒక్క అక్షరం కూడా కలవదు. పైగా మాలో తాత పేరు మనవడికి పెడతారు. 1860ల ఎల్లిగాడు 1930లలో పిల్లవాణ్ణి బడికి పంపలేడు, వాళ్ళు యిద్దరు. పేరు ఎంత బాగా కలిస్తే అంత మోసం జరిగే చోటు యిది.

రెండోది చుట్టుపక్కలను బట్టి పోల్చడం. ‘వెట్టి’ పక్కన కులం రాయలేదు. నీరుగంటి, తలారి, వెట్టి అని పనిపేర్లే వున్నాయి. మా పల్లెలో నాకు తెలిసినప్పటినుంచీ వెట్టి మాదిగలదే కాబట్టి ఎల్లిగాడు మాదిగే అనుకున్నాను. అనుకోకూడదు. వెట్టి కొన్ని ఊళ్ళలో మాదిగలది, కొన్ని ఊళ్ళలో మాలలది, కొన్నిచోట్ల వంతులవారీ.

మూడోది భూమి. మనిషి పేరు మారుతుంది, మతం మారుతుంది, చేను హద్దులు అంత తొందరగా మారవు. ఇనాం రిజిస్టరులో ఎల్లిగాడి మాన్యం హద్దులు పట్టుకుని డైగ్లాట్‌లోకి వస్తే ఆ చేను మాల కుటుంబం పేర వుంది. దాని పక్క చెక్కకు పేరే లేదు, చుక్కలు పెట్టి వదిలేశారు. యిటువంటి చుక్కల భూముల కోసం రాష్ట్రం 2017లో ప్రత్యేకంగా చట్టమే చెయ్యాల్సి వచ్చింది.

యిప్పుడు మార్కులు చూడండి. 1860ల ఎల్లిగాడు మా వంశంవాడేనా అన్న ప్రశ్నకు పేరు పద్ధతి 0.9 యిచ్చింది. పని పద్ధతి 0.8. భూమి పద్ధతి 0.1. సగటు 0.6. సగం దాటితే జత అనుకుంటే ఎల్లిగాడు మావోడే. పెద్ద మార్కు తీసుకున్నా మావోడే. చిన్నది తీసుకుంటే కాడు. కాయితాలు అవే, మనుషులు వాళ్ళే, కలిపే తీరు మారితే మా ముత్తాత మారిపోతున్నాడు. నా మొదటి చిత్తుప్రతిలో సగటు వేసి ‘మాదిగ వెట్టి మాన్యం’ అని రాసేశాను. ఆ 0.1 ఎక్కడా కనపడకుండా పోయింది.

మా జేజిని అడిగాను. “ఆ చేను మనదే నాయనా. డొక్కల కరువులో నాలుగు మానికల జొన్నలకు కుదవ పెట్టినారంట, మల్లా యిడిపించుకోలేదు” అంది. మాలపల్లెలో ఒక పెద్దాయన దగ్గరికి పోతే కూర్చోబెట్టి, మజ్జిగ యిచ్చి, నిదానంగా చెప్పాడు: “వెట్టి మొదట్లో మాదేరా అబ్బోడా. మేం మానుకున్నంక మీవోళ్ళు ఎత్తుకున్నారు. ఎల్లిగాడు మా యింటోడు.” అబ్రహాం ఎవరని అడిగితే మా జేజి మాట మార్చింది, ఆయన నవ్వి వూరుకున్నాడు. పల్లె జ్ఞాపకం నాలుగో పద్ధతి అని, అది మిగతావాటి తప్పు దిద్దుతుందని నేను ఆశపడి పోయాను. దానిలోనూ రెండు వాటాలున్నాయి. వర్గీకరణ గొడవ మొదలయ్యాక ఆ రెండు వాటాలూ గట్టిపడ్డాయి కూడా. కరణం రాసింది అబద్ధమనీ, మనవాళ్ళు చెప్పింది నిజమనీ ఒక్క గీత గీసే సౌకర్యం యిక్కడ లేదు.

కంప్యూటర్‌వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్న పనికొచ్చే సంగతి మార్కుల లెక్క కాదు. రెండు పద్దుల మధ్య ‘సమానం’ అనే సంబంధం ఒక్కటే వుండదని వాళ్ళు ఒప్పుకున్నారు. ఒకటి యింకోదానిలో భాగం కావచ్చు, ఒకదాన్నొకటి కొంత కప్పొచ్చు, అసలు కలవకపోవచ్చు. 1922 ఆది ఆంధ్రలో మాదిగ భాగం. 2025 జాబితా ఆది ఆంధ్రకు మాదిగ పొరుగువాడు. సంవత్సరం రాయకుండా యీ రెంటినీ జతచేసే ఏ పట్టికైనా ఎవరో ఒకరి సీటు తీసి యింకొకరికి యిస్తుంది. భూముల విషయం కూడా అంతే. అడంగలు, డైగ్లాటు కలిపి కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు ఎక్కించేవాడు ప్రతి గడిలో ఒక్క పేరే రాయాలి. ఆ ఒక్క పేరు ఏ పద్ధతిలో వచ్చిందో ఆ గడిలో వుండదు. తర్వాత కోర్టుకు పోయినవాడికి ఆ గడే సాక్ష్యం.

అందుకని నా పట్టికను మార్చాను. ప్రతి జతకూ సగటు తీసేసి ఏ పద్ధతి ఏమందో విడివిడిగా రాశాను. ఏ ఏడాది కాయితమో, ఎవరు రాసిందో, ఎందుకు రాసిందో పక్కన పెట్టాను. 70 దాకా జతల్లో ఎక్కువ భాగం మూడు పద్ధతులూ ఒకే మాట చెప్పాయి, వాటితో పేచీ లేదు. పదకొండింటిలో పద్ధతులు కొట్లాడుకున్నాయి. ఆ పదకొండులో తొమ్మిది మాన్యం భూములున్న యిండ్లవే.

సిద్ధాంత వ్యాసం చూసినవాళ్ళు ఎల్లిగాడి దగ్గర ఒక నిర్ణయం రాయమన్నారు. నేను రెండు వరుసలూ వుంచాను: ఒకదాని కింద మా జేజి మాట, ఒకదాని కింద మాలపల్లె పెద్దాయన మాట, మధ్యన ఇనాం రిజిస్టరు హద్దులు. అచ్చయ్యాక ఆ పేజీ జిరాక్సు తీసుకుపోయి యిద్దరికీ చదివి వినిపించాను. పెద్దాయన తన వరుస రెండుసార్లు చదివించుకున్నాడు. మా జేజి విని, “అబ్రహాం సంగతి రాయలేదేం?” అని అడిగింది.