చెకుముకి తాకని ఊరి తుపాకీ

భూపాలపల్లి, మహబూబాబాద్ అడవుల్లో దొరికిన ఆయుధాలను పోలీసులు బల్ల మీద పరిచి చూపిస్తే, కొత్త రైఫిళ్ల పక్కన ఓ పొడుగాటి మొరటు గొట్టం కూడా ఉండేది. దాని పేరు భర్మారు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, చువ్వతో దట్టించి పేల్చే తుపాకీ. ప్రపంచ సైన్యాలు దీన్ని వదిలేసి నూటయాభై ఏళ్లు దాటింది. మన దగ్గర మాత్రం పోలేదు.

ఈ జాతి తుపాకులకు నిప్పు ముట్టించడంలో ముఖ్యంగా మూడు తరాలున్నాయి. మొదటిది వత్తి. నిప్పు రాజుకుంటున్న తాడును మందుకు తగిలించడమే దాని పని. రెండోది చెకుముకి. 1610 ప్రాంతంలో ఫ్రాన్సులో కుదురుకుంది. సుత్తి దవడల్లో బిగించిన చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుతుంది, రవ్వలు రాలి పళ్లెంలోని మందు భగ్గుమంటుంది, ఆ మంట సన్నటి రంధ్రంలోంచి గొట్టంలోకి పాకుతుంది. మూడోది టోపీ. దెబ్బ తగలగానే పేలే మందుతో నిప్పు ముట్టించే పద్ధతికి 1807లో పేటెంటు తీసుకున్నది అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లండ్ పాదిరి. ఆ మందును చిన్న రాగి టోపీలో పెట్టడం ఆ తర్వాతి ముచ్చట.

చిత్రమేమంటే మన పల్లెలు రెండో మెట్టు దాదాపు ఎక్కనే లేదు. కుంఫిణీ సిపాయిల భుజాన చెకుముకి తుపాకులున్నాయి. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు, అక్కడి గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి పేరు అలా వచ్చిందే. అయినా ఊరి మనిషి వత్తినే నమ్ముకున్నాడు, అక్కణ్ణుంచి నేరుగా టోపీకి దూకాడు. నాకు తోచిన కారణం ఒకటే. చెకుముకి రాయి అరుగుతుంది, మంచి రాయి అన్ని చోట్లా దొరకదు. లోపలి స్ప్రింగు పదును తప్పితే ఊరి కమ్మరి కొలిమికి లొంగదు. టోపీ తుపాకీకి అంత నాజూకు మర అక్కర్లేదు. గొట్టం, కట్టె, సుత్తి, ఓ మోటు స్ప్రింగు చాలు. కమ్మరి, వడ్రంగి కలిస్తే మరమ్మతు ఊళ్లోనే అయిపోతుంది. బయటి నుంచి కొనక తప్పనిది ఆ టోపీ ఒక్కటే.

జనగామ ప్రాంతంలో ఈ తుపాకీ చరిత్రకెక్కింది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు, దొరకు ఎదురుతిరిగిన దొడ్డి కొమురయ్యను కాల్చి చంపారు. అప్పుడు జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. 1947 సెప్టెంబరులో నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపు వచ్చాక దొరల గడీల్లోని తుపాకులు దళాల చేతికి చేరాయి, వాటిలో భర్మార్లూ ఉన్నాయి. అప్పటి జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లి వాళ్లు బురుజెక్కి నిజాం పక్షపు రజాకార్లను కాచుకున్నది ఇలాంటి నాటు తుపాకులతోనే. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఫిరంగితో వచ్చి పడ్డాయి. 90 మందికి పైగా చనిపోయారు. భర్మారు ఒకసారి పేలాక మళ్లీ మందు పోసి దట్టించాలి. తర్ఫీదు పొందిన సిపాయి కూడా నిమిషానికి మూడుసార్లు పేల్చితే గొప్ప. గొట్టం లోపల నున్నగా ఉండి గాడులు లేకపోవడం వల్ల వంద గజాలు దాటితే గురి దేవుడికెరుక. ఫిరంగి ముందు అదేం నిలుస్తుంది?

అమెరికాలో ఇదే వెనకబాటు ఓ సరదా. పెన్సిల్వేనియాలో 1974 నుంచి చెకుముకి తుపాకులకంటూ వేరే వేట కాలముంది. ఇటలీలో 1957లో పుట్టిన పెదెర్సోలీ కంపెనీ పాత నమూనాలను కొత్తగా చేసి అమ్ముతోంది. కొన్నవాళ్లు రాయికి పదును పెట్టుకుంటూ, నిప్పు రంధ్రం సరిచేసుకుంటూ మురిసిపోతారు.

ఇక్కడ లైసెన్సు లేని భర్మారు ఇంట్లో ఉంటే కేసే. అయినా 1959 ఆయుధాల చట్టం దీన్ని కాస్త దయగానే చూసింది. నిజంగా పంట కాపలాకే అయితే ఈ తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్‌లో ప్రత్యేకంగా రాశారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మాత్రం అనుమతి లేకుండా అడవిపందిని చంపకూడదు. అందుకని లైసెన్సున్న రైతు కూడా గాల్లోకి పేల్చి, చప్పుడుతో పందులను తోలుకోవాల్సిందే. ఎన్నికల కోడ్ పడిందా, చాలాచోట్ల ఆ చప్పుడూ ఉండదు. తుపాకీ ఠాణాలో ఉంటుంది, రైతు మంచె మీద డబ్బా కొడుతుంటాడు.