అంతర్జాలంలో తెలుగు దినచర్య



మన గౌరిబిదనూరు బస్టాండులో కాసేపు నిలబడితే ఒక సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. బస్సు బోర్డు మీద అక్షరాలు కన్నడం. ఆ బోర్డు కింద నిలబడి "ఏమప్పా, ఈ బస్సు హిందూపురం పోతుందా?" అని అడిగే మాట తెలుగు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోనూ చాలా ఊళ్ళలో ఇదే తీరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కైవారం తాతయ్యగారు రెండు భాషలలోనూ కీర్తనలు చెప్పారు. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదివి పాడుకునేవారు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. పుస్తకం తెరిచి చూస్తే కన్నడం, పైకి చదివితే తెలుగు.

ఒకసారి తరగతిలో ఒక అమ్మాయితో, "మీ అవ్వ చెప్పిన కథ ఒకటి రాసుకుని రామ్మా" అన్నాను. "అవ్వ తెలుగులో చెప్పింది సార్, నాకు తెలుగు రాసేది రాదు" అంది. ఆ జవాబుకు ఆ రోజు నా దగ్గర బదులు లేకపోయింది. అంతర్జాలంలో తెలుగు దినచర్యలు, అంటే బ్లాగులు, ఎలా పుట్టి పెరిగాయో తెలుసుకున్నాక ఒక బదులు దొరికింది. ఈనాటి ప్రసంగంలో ఆ చరిత్రనే మీ ముందు ఉంచుతాను.

ముందుగా బ్లాగు అంటే ఏమిటో చూద్దాం. ఓడలో ప్రయాణపు వివరాలను ఏ రోజుకారోజు రాసిపెట్టే పుస్తకాన్ని ఇంగ్లీషులో లాగ్ అంటారు. అంతర్జాలంలో ఈ రోజు ఏం చూశాను, ఏం చదివాను అని రాసి, అందరికీ కనబడేలా పెట్టే పుటకు 1997లో జార్న్ బార్గర్ అనే అమెరికన్ 'వెబ్‌లాగ్' అని పేరు పెట్టాడు. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ ఆ మాటను సరదాగా విరిచి 'బ్లాగ్' అన్నాడు. అదే సంవత్సరం ఆగస్టులో బ్లాగర్ అనే సేవ మొదలైంది. 2003లో వర్డ్‌ప్రెస్ వచ్చింది. దానితో కంప్యూటరు విద్య చదవనివారు కూడా తమ సొంత పుటను తామే నడుపుకునే వీలు కలిగింది. ఒక సంగతి గమనించండి. బ్లాగు పుట్టినప్పుడు దానిలోని ప్రధాన విషయం అంతర్జాలమే. కొత్త ఊరికి వెళ్ళినవాడు ఆ ఊరి విశేషాలను ఇంటికి ఉత్తరం రాసినట్లు, అంతర్జాలంలోకి వెళ్ళినవారు అక్కడి విశేషాలను రాశారు.

తెలుగువారికి మాత్రం అసలు చిక్కు అక్షరాల దగ్గర వచ్చింది. 1990వ దశకం మొదట్లో అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులు తమలో తాము ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. ఒకరు రాసిన తీరు ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. అప్పుడు రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు, ఏ ధ్వనికి ఏ ఇంగ్లీషు అక్షరం వాడాలో నిర్ణయించి ఒక పద్ధతి ఏర్పరిచారు. దానినే ఆర్.టి.ఎస్. అంటారు. మన దేశంలో సామాన్యులకు అంతర్జాలం అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. 1998లో 'ఈమాట' అనే తెలుగు పత్రిక అంతర్జాలంలోనే మొదలైంది. అయితే ఆ రోజుల్లో ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క అక్షరాల పెట్టె. ఆ పెట్టె మన కంప్యూటరులో లేకపోతే తెరమీద కనిపించేది పిచ్చిగీతలే.

ఈ గందరగోళాన్ని తీర్చినది యూనికోడ్. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇవ్వడమే దాని పని. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు, కన్నడం రెండూ ఉన్నాయి. ఇక్కడ మన ప్రాంతంవారు సంతోషించవలసిన విషయం ఒకటి ఉంది. తెలుగు అక్షరాలకు కేటాయించిన సంఖ్యలు 3072 నుంచి 3199 దాకా. ఆ వెంటనే 3200 నుంచి 3327 దాకా కన్నడానివి. తెలుగు 'క' సంఖ్య 3093. కన్నడ 'క' సంఖ్య 3221. తేడా 128. ఏ రెండు జంట అక్షరాలను తీసుకున్నా దాదాపుగా ఇదే తేడా. భారతీయ లిపులకు మన దేశంలో అంతకుముందే తయారైన ఇస్కీ పట్టికను యూనికోడ్‌వారు అనుసరించడమే దీనికి కారణం. ఒకే పాత లిపి నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్ళు కంప్యూటరు లోపల కూడా పక్కపక్క ఇళ్ళలోనే కాపురం పెట్టారన్నమాట. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలకు 'గౌతమి' అని, కన్నడ అక్షరాలకు 'తుంగ' అని పేర్లు పెట్టారు. రెండూ నదుల పేర్లే.

అక్షరాలు కనబడడం ఒక మెట్టు, రాయడం ఇంకొక మెట్టు. కర్ణాటకలో 1998 నుంచి 'బరహ' అనే సాధనం కన్నడానికి తోడ్పడింది, తరువాత దానిలో తెలుగు కూడా చేరింది. 2006లో వీవెన్ అన్న పేరుతో అందరికీ తెలిసిన యువకుడు 'లేఖిని' అనే పుటను తయారుచేశారు. ఇంగ్లీషు మీటలతో ఏ.ఎమ్.ఎమ్.ఏ. అని కొడితే తెరమీద 'అమ్మ' అని వచ్చేది. ఆ సంవత్సరమే ఆయన 'కూడలి'ని మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి తెలుగు బ్లాగులలోని కొత్త రాతలనూ ఒకేచోట చూపించే పుట అది. హైదరాబాదులో రాసింది అమెరికాలో, అమెరికాలో రాసింది అనంతపురంలో, అదే రోజు చదివి జవాబు రాయడం మొదలైంది.

ఈ బ్లాగరులు చేసిన పెద్ద పని మాటలను తయారుచేసుకోవడం. పోస్టును 'టపా' అన్నారు. ఉత్తరాలను టపా అని మన పెద్దలు అనేవారు, కన్నడంలో ఈనాటికీ టపాలు అంటారు. లింకును 'లంకె' అన్నారు, కామెంటును 'వ్యాఖ్య' అన్నారు. వీవెన్ తన సొంత బ్లాగుకు 'వీవెనుడి టెక్కునిక్కులు' అని పేరు పెట్టి, కంప్యూటరులో, అంతర్జాలంలో తెలుగు వాడకం గురించి తెలుగులోనే రాశారు. అంతర్జాలం గురించి అంతర్జాలంలోనే, మన మాటలలో రాయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఏ మాట ఎప్పుడు ఎలా వాడుకలోకి వచ్చిందో రేపు ఒక విద్యార్థి పరిశోధించాలంటే ఇటువంటి దినచర్యలే ఆధారం.

అయితే ఈ ఆధారం ఎంత గట్టిది? 2009లో జియోసిటీస్ మూతపడింది. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. వాటిలో రాసుకున్న లక్షలమంది రాతలు వాటితోనే కనుమరుగయ్యాయి. ఈలోగా చాలామంది బ్లాగరులు ఫేస్‌బుక్కుకూ, వాట్సాపుకూ మళ్ళారు. అక్కడ నిన్నటి మాటను ఈ రోజు వెతికి పట్టుకోవడమే కష్టం.

మన తాళపత్రాల కథ గుర్తు చేసుకోండి. తాటాకుకు చెదలు పడుతుంది, ఆకు విరిగిపోతుంది. అయినా కావ్యాలు మనదాకా వచ్చాయంటే, తరానికొకరు కూర్చుని తిరగ రాయడం వల్లనే. బ్రౌను దొర కడపలో పండితులను నియమించి రాతప్రతులకు ప్రతులు ఎత్తించకపోతే ఎన్ని పుస్తకాలు పోయేవో! కంప్యూటరులోని రాత తాటాకు కంటే సుకుమారమైనది. దానికీ ప్రతి ఎత్తేవాడు కావాలి. బ్లాగు మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకునే వీలు బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ ఉంది. సంవత్సరానికి ఒకసారి దించి దాచండి. ముఖ్యమైనవాటిని కాగితం మీద అచ్చు తీసుకోండి.

ఇక మా తరగతిలోని అమ్మాయికి నేను చెప్పిన బదులు ఇది. "అవ్వ చెప్పిన తెలుగు కథను నీకు వచ్చిన కన్నడ అక్షరాలతోనే ఫోనులో కొట్టు. 'అక్షరముఖ' వంటి సాధనంలో వేస్తే అది తెలుగు లిపిలోకి మారుతుంది. కొన్ని అక్షరాలు తప్పుపోతే ఇద్దరం కూర్చుని దిద్దుదాం." ఆ అమ్మాయి రాసుకొచ్చింది. తన మాట తెలుగు అక్షరాలలో తెరమీద కనబడితే, ఏది ఏ అక్షరమో కన్నడంతో పోల్చి తనే గుర్తుపట్టసాగింది. లిపి నేర్పడానికి నేను పలక పట్టుకోవలసిన పని సగం తగ్గింది.

శ్రోతలారా, మీ ఇంట్లోనూ ఒక అవ్వ ఉంటుంది, ఫోను పట్టుకున్న మనుమరాలు ఉంటుంది. గౌరిబిదనూరు తెలుగు ఏ నిఘంటువులోనూ పూర్తిగా దొరకదు. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టండి. వారానికి ఒక పుట రాయించండి. రాసిన ప్రతి పుటకూ ఒక ప్రతి ఎత్తి దాచండి.