శ్రవణ శిక్షణ (హెడ్‌ఫోన్లు)

శ్రవణ శిక్షణ అనగా సంగీతంలోని సూక్ష్మ విశేషాలను గుర్తించగలిగేటట్లు చెవికీ, మనసుకూ క్రమపద్ధతిలో ఇచ్చే సాధన. స్వరం యొక్క ఖచ్చితమైన స్థానం, గమకపు వంపు, వాద్యాల నాదగుణం, ధ్వనిముద్రణ జరిగిన గది స్వభావం, ధ్వనిముద్రణలోని లోపాలు మొదలైనవి ఈ సాధనలో భాగాలు. బయటి శబ్దాలను చాలావరకు తగ్గించి, కుడి ఎడమ చెవులకు వేరువేరుగా ధ్వనిని చేరవేస్తాయి కనుక ఈ సాధనకు హెడ్‌ఫోన్లు బాగా ఉపకరిస్తాయి. శాస్త్రీయ సంగీత విద్యార్థులకు, ధ్వనిముద్రణ నిపుణులకు ఇది వృత్తిపరమైన అవసరం. సాధారణ శ్రోతకు ఇది తెలిసిన పాటనే మరింత లోతుగా ఆస్వాదించే మార్గం.

తెలుగునాట సంగీతం వినికిడి జ్ఞానంతో అబ్బుతుందని పెద్దలు చెప్పే మాట ఈ సాధనకే వర్తిస్తుంది. గురుముఖంగా నేర్చుకునే విద్యలో శ్రుతిజ్ఞానం, స్వరజ్ఞానం, లయజ్ఞానం మూడూ మొదట చెవి ద్వారానే ప్రవేశిస్తాయి.

చరిత్ర

1910లో అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియేల్ బాల్డ్విన్ తయారుచేసిన హెడ్‌ఫోన్లను ఆ దేశపు నౌకాదళం కొనుగోలు చేసింది. అప్పట్లో వాటి ఉపయోగం రేడియో సందేశాలను వినడమే. సంగీతం వినడానికి ఉద్దేశించిన స్టీరియో హెడ్‌ఫోన్లను 1958లో జాన్ కాస్ ప్రవేశపెట్టాడు. 1979లో జపానులో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసిన తరువాత హెడ్‌ఫోన్లతో సంగీతం వినడం ప్రపంచమంతటా సామాన్యమైంది.

ధ్వనిగుణాన్ని గుర్తించడాన్ని ఒక పాఠ్యాంశంగా బోధించిన తొలి సంస్థలలో పోలండ్ రాజధాని వార్సాలోని షోపెన్ సంగీత అకాడమీ ఒకటి. 1970ల దశకంలో అక్కడి ధ్వనిముద్రణ విభాగంలో ఈ బోధన ఆరంభమైంది. తరువాతి కాలంలో హార్మన్ సంస్థ "హౌ టు లిజన్" అనే శిక్షణ సాఫ్ట్‌వేరును రూపొందించింది.

చెవి, మనసు

ఆరోగ్యవంతమైన చిన్నవయసు చెవి సుమారు 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ పౌనఃపున్యం వరకు గల ధ్వనులను వినగలదు. కర్ణభేరిని తాకిన కంపనాలు మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకల ద్వారా కర్ణావర్తాన్ని చేరుతాయి. అక్కడి కేశకణాలు వాటిని నాడీ సంకేతాలుగా మారుస్తాయి. శిక్షణ వల్ల ఈ అవయవ నిర్మాణం మారదు. వచ్చిన సంకేతంలో దేనిని పట్టుకోవాలి, దేనికి ఏ పేరు పెట్టాలి అన్నది మెదడు నేర్చుకుంటుంది.

ఏకాగ్రతకు గల ప్రాముఖ్యాన్ని 1953లో కాలిన్ చెర్రీ చేసిన ప్రయోగాలు స్పష్టం చేశాయి. హెడ్‌ఫోన్ల ద్వారా రెండు చెవులకు రెండు వేరువేరు ప్రసంగాలను వినిపించి, ఒకదానిని మాత్రమే అనుసరించమని శ్రోతలను కోరాడు. రెండవ చెవిలో ఏమి చెప్పారో వారు చెప్పలేకపోయారు. అయితే పురుషకంఠం స్త్రీకంఠంగా మారితే మాత్రం గుర్తించగలిగారు. చెవిలో పడినదంతా వినడం కాదని దీనివల్ల తెలుస్తుంది. పది వాద్యాలు మ్రోగుతున్న పాటలో ఏదో ఒక వాద్యం ఎన్నేళ్ళయినా మన ఎరుకలోకి రాకపోవడానికి కారణం ఇదే.

హెడ్‌ఫోన్ల అనుకూలతలు, పరిమితులు

గదిలోని స్పీకర్ల నుండి వచ్చే ధ్వని గోడలను తాకి తిరిగి వచ్చి అసలు ధ్వనితో కలుస్తుంది. హెడ్‌ఫోన్లలో ఈ కలగలుపు ఉండదు. గాయకుని ఊపిరి, వయొలిన్ కమాను దిశ మారేటప్పటి ఒరిపిడి, మృదంగంపై వేలి చివర తాకిడి వంటివి అందువల్ల సులభంగా వినిపిస్తాయి.

పరిమితులు కూడా ఉన్నాయి. స్పీకర్ల ముందు కూర్చున్నప్పుడు ఎడమ స్పీకరు ధ్వని కొద్ది ఆలస్యంగా కుడి చెవికి కూడా చేరుతుంది. ఈ ఆలస్యం అత్యధికంగా సెకనులో సుమారు 0.0006 నుండి 0.0007 వంతు మాత్రమే. అయినా ధ్వని ఏ దిక్కు నుండి వస్తున్నదో మెదడు దీని ఆధారంగా గ్రహిస్తుంది. హెడ్‌ఫోన్లలో ఈ సూచన లేకపోవడం వల్ల సంగీతం ఎదుట వేదికపై గాక తల లోపల ఉన్నట్లు అనిపిస్తుంది. ఒక వైపు ధ్వనిని కొద్దిగా రెండవ వైపుకు కలిపి ఈ లోపాన్ని తగ్గించే పద్ధతిని 1961లో బెంజమిన్ బాయర్ ప్రతిపాదించాడు.

చెవికి సరిగా అమరని ఇయర్‌ఫోన్లలో మంద్రధ్వనులు బయటికి జారిపోతాయి. పరికరం బాగాలేదని నిర్ణయించే ముందు అది చెవికి సరిగా ఆనినదీ లేనిదీ చూడాలి. కుడి ఎడమలు తారుమారైతే వేదిక మొత్తం తిరగబడుతుంది కనుక వాటి గుర్తులను కూడా గమనించాలి.

సాధన క్రమం

సాధన రోజుకు 15 నుండి 20 నిమిషాలు చాలు. అలసిన చెవి తేడాలను పట్టుకోలేదు. బాగా తెలిసిన రెండు మూడు పాటలనే మళ్ళీ మళ్ళీ వినడం, కొత్త పాటలు అనేకం వినడం కంటే మేలు.

1. తంబుర శ్రుతి: మొదటి పాఠంగా తంబుర నాదాన్ని మాత్రమే వినాలి. పంచమం, రెండు షడ్జాలు, మంద్రషడ్జం అనే వరుసలో నాలుగు తంతులను విడివిడిగా గుర్తించాలి. తంతికీ, అది ఆని ఉండే గుర్రానికీ మధ్య ఉంచే నూలుపోగును జీవ అంటారు. దానివల్ల తంబురలో అనుస్వరాలు సమృద్ధిగా పుడతాయి. తంబుర, వీణలలోని ఈ విశేషాన్ని సర్ సి.వి.రామన్ 1921లో పరిశీలించి ప్రకటించాడు. మంద్రషడ్జం 100 హెర్ట్జ్ అయితే దాని అయిదవ అనుస్వరం 500 హెర్ట్జ్ అవుతుంది. అది అంతర గాంధారం. ఎవరూ మీటని ఈ గాంధారాన్ని తంబురలో వినగలగడం సాధనలో మొదటి మెట్టు.

2. స్వరస్థానం: ఎలక్ట్రానిక్ కీబోర్డుపై అదే తారస్థాయి గాంధారాన్ని మ్రోగిస్తే అది సుమారు 504 హెర్ట్జ్ ఉంటుంది. అష్టకాన్ని 12 సమభాగాలు చేయడం దీనికి కారణం. రెండింటినీ కలిపి వింటే సెకనుకు సుమారు 4 విస్పందనాలు, అనగా ధ్వని పెరుగుతూ తగ్గుతూ ఉండే అలలు, వినిపిస్తాయి. శ్రుతి కలిసే కొద్దీ ఈ అలలు నెమ్మదించి చివరకు మాయమవుతాయి. వాద్యకారులు శ్రుతి చేసుకునేటప్పుడు వినేది దీనినే.

3. ఒకే వాద్యాన్ని అనుసరించడం: ఒక కీర్తనను ఎంచుకొని మొదటిసారి గాత్రాన్ని, రెండవసారి వయొలిన్‌ను, మూడవసారి మృదంగాన్ని, నాలుగవసారి తంబురను మాత్రమే మొదటి నుండి చివరి వరకు అనుసరించాలి. మృదంగంలో కుడివైపు నాదం శ్రుతికి కలిసి ఉంటుంది. ఎడమవైపు తొప్పికి రవ్వముద్ద అంటించడం వల్ల గంభీరమైన మంద్రధ్వని వస్తుంది. ఈ రెండింటినీ వేరుచేసి వినడం అలవడితే ఘటం, కంజీర కూడా క్రమంగా విడివడి వినిపిస్తాయి.

4. గమకం: ఆరభి, దేవగాంధారి రాగాలకు ఆరోహణ అవరోహణలు ఒకటే. తేడా అంతా నడకలోను, గమకాలలోను ఉన్నది. ఆరభిలో స్వరాలు చురుకుగా, సూటిగా సాగుతాయి. దేవగాంధారిలో విలంబంగా, ఊగుతూ సాగుతాయి. ఇరు రాగాల ఆలాపనలను ఒకదాని వెంట ఒకటి వినడం మంచి అభ్యాసం.

5. పౌనఃపున్య ప్రాంతాలు: ఈక్వలైజరు ఉన్న సాఫ్ట్‌వేరులో 125, 250, 500, 1000, 2000, 4000, 8000 హెర్ట్జ్ ప్రాంతాలను ఒక్కొక్కటిగా 12 డెసిబెల్స్ పెంచి, పాట ఎలా మారిందో గమనించాలి. తరువాత ఆ పెంపును 6కు, ఆపై 3 డెసిబెల్స్‌కు తగ్గించి, ఏ ప్రాంతం మారిందో చూడకుండా చెప్పడానికి ప్రయత్నించాలి. శ, ష, స అక్షరాల ఈల వంటి ధ్వని పై ప్రాంతాలలోను, తొప్పి ధ్వని కింది ప్రాంతాలలోను ఉంటుంది.

6. స్థానం, ప్రతినాదం: గాత్రం మధ్యలో ఉన్నదా, పక్కన ఉన్నదా, మాట ఆగిన తరువాత గదిలో దాని జాడ ఎంతసేపు నిలిచింది అనేవి గమనించాలి. 1950, 60 దశకాల తెలుగు సినిమా పాటలు మోనో పద్ధతిలో ముద్రించినవి కనుక గాత్రం, వాద్యాలు అన్నీ తల మధ్యలోనే వినిపిస్తాయి. ఇది లోపం కాదు. దిక్కుల సాయం లేకుండా నాదగుణం ఆధారంగానే వాద్యాలను విడదీసి వినడానికి ఈ పాటలు చక్కని పాఠాలు.

తేడాను పరీక్షించుకోవడం

విన్నామని అనుకోవడం వేరు, నిజంగా వినడం వేరు. ఖరీదైన పరికరం అని తెలిసినప్పుడు ధ్వని మెరుగ్గా అనిపించడం సహజం. రెండు నమూనాలలో ఏది కొద్దిగా బిగ్గరగా ఉంటే అదే మేలైనదిగా తోస్తుంది. కనుక పోల్చే ముందు రెండింటి తీవ్రతను సమానం చేయాలి. ఏది మ్రోగుతున్నదో తెలియకుండా మరొకరి సాయంతో పరీక్షించుకోవాలి. పదిసార్లలో అయిదారు సరైన జవాబులు ఊహతోనూ వస్తాయి. తొమ్మిది లేదా అంతకు మించి సరైనవి యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 1024లో 11 మాత్రమే.

ఎంపీ3 వంటి కుదింపు పద్ధతులు ఒక ధ్వని మరొక ధ్వనిని కప్పివేసే గుణాన్ని ఆధారం చేసుకొని, చెవికి అందవని భావించిన అంశాలను తొలగిస్తాయి. బాగా కుదించిన ఫైళ్ళలో తాళాల మ్రోత నీటి చప్పుడులా మారడం, మృదంగపు దెబ్బకు ముందే మసకగా ఒక నీడ వంటి ధ్వని రావడం గమనించవచ్చు. తగినంత పెద్ద ఫైళ్ళలో శిక్షణ పొందిన వారికి కూడా తేడా తెలియడం కష్టం.

చెవి సంరక్షణ

మనుషులలో నశించిన కేశకణాలు తిరిగి మొలవవు. సూక్ష్మాలు వినాలనే కోరికతో ధ్వనిని పెంచుతూ పోతే చివరకు ఆ సూక్ష్మాలే మొదట దూరమవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు పరిమితి. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలు మాత్రమే. పరికరపు గరిష్ఠ ధ్వనిలో 60 శాతం దాటకుండా వినడం మంచిది.

తక్కువ ధ్వనిలో మంద్ర, తార ప్రాంతాలు బలహీనంగా వినిపిస్తాయని 1933లో ఫ్లెచర్, మున్సన్ నిరూపించారు. కనుక మొదట్లో పాట చప్పగా తోచవచ్చు. కొద్ది రోజులలో చెవి అలవాటు పడుతుంది. బస్సులో, రైలులో రొదను మించి వినడానికి ధ్వని పెంచడం కంటే సాధనను నిశ్శబ్ద సమయానికి వాయిదా వేయడం మేలు. విన్న తరువాత చెవిలో హోరు వినిపించినా, మాటలు మసకబారినా వినడం ఆపాలి. ఆ లక్షణాలు తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి. రోడ్డుపై నడిచేటప్పుడు, వాహనం నడిపేటప్పుడు హెడ్‌ఫోన్లు ధరించరాదు.

వయసు, శిక్షణ

వయసు పెరిగే కొద్దీ హెచ్చు పౌనఃపున్యాలు వినే శక్తి క్రమంగా తగ్గుతుంది. దీనివల్ల తాళాల మెరుపు, హల్లుల స్పష్టత కొంత తగ్గినా సంగీతం దూరం కాదు. గాత్రంలోని స్వరాల మూల పౌనఃపున్యాలు దాదాపు అన్నీ 1000 హెర్ట్జ్‌కు లోపే ఉంటాయి. షడ్జం 207 హెర్ట్జ్ గల గాయని తారస్థాయి పంచమం 621 హెర్ట్జ్ మాత్రమే. శ్రుతి, గమకం, లయ, రాగభావం ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. అందువల్ల అరవై దాటిన వారు కూడా ఈ సాధనను నిరభ్యంతరంగా ప్రారంభించవచ్చు. ఇదే కారణం చేత సాధారణ ధరలో దొరికే హెడ్‌ఫోన్లు కూడా శ్రుతిజ్ఞాన సాధనకు సరిపోతాయి.

ఇవి కూడా చూడండి

కర్ణాటక సంగీతం
తంబుర
శ్రుతి
గమకం
చెవి