ఆవిరిని కూడా పారేయలేదు

‘నేషనల్ వెల్వెట్’ నవల రాసిన ఎనిడ్ బాగ్నాల్డ్‌కి రాల్ఫ్ అని ఓ తమ్ముడు. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1926లో ఈజిప్టుకు బదిలీ అయ్యాక, సెలవు దొరికితే చాలు, స్నేహితులతో కలిసి ఫోర్డు కార్లలో ఎడారికి పోయేవాడు. సరదాకే! కానీ అక్కడ ఆగిపోతే వెతకడానికి వచ్చే నాథుడు లేడు. అందుకే ప్రయాణం కన్నా సర్దుడే పెద్దపని.

అసలు చిక్కు నీళ్ళది. ఇసుకలో ఈడ్చి ఈడ్చి రేడియేటరు మరిగిపోతుంది. తాగే నీళ్ళు కారుకి పోస్తే మనుషులేం తాగుతారు? ఆ ఆవిరిని గొట్టంతో కారు పక్కన కట్టిన నీళ్ళడబ్బాలోకి పంపాడీయన. అక్కడ చల్లబడి నీరయ్యేది. డబ్బా కూడా మరిగితే కారుని గాలికి ఎదురుగా నిలిపేవారు. రేడియేటరు చల్లారగానే డబ్బాలో నీళ్ళు మళ్ళీ అందులోకే వెళ్ళిపోయేవి. మూతకి పట్టిన ఆవిరి గిన్నెలోకి జారడం మనం రోజూ చూస్తూనే ఉన్నాం, మనకి తట్టిందా?

దిగబడ్డ చక్రాల కింద వెయ్యడానికి ఉక్కుపట్టీలు కైరోలో పాతసామాన్ల కొట్లో కొన్నారు. టైర్లలో గాలి తగ్గించారు. కారు ఇనుముకి దిక్సూచి ముల్లు తడబడుతుందని సూర్యుడి నీడతో దిక్కు చూసుకున్నారు. 1930లో ఆ కార్లతోనే మహా ఇసుక సముద్రపు దిబ్బలు ఎక్కి దిగారు.

1940లో, యుద్ధం మధ్య, ఆయన కూర్చిన ఎడారి దళం లారీలకీ అవే డబ్బాలు తగిలించారు.