ద్వారం దగ్గర శునకం

సెలవు దినం వస్తే పిల్లలను వెంటబెట్టుకొని ఏదైనా పురాతన స్థలానికి పోయివచ్చే అలవాటు మన కుటుంబాలలో స్థిరపడినది. సంతోషించదగిన అలవాటే. ఆకివీడునుండి ఉదయమే కారులో బయలుదేరినవారు ఏలూరు మీదుగా పెదవేగి చూచి, గుంటుపల్లి గుహలు చేరి, సాయంకాలానికి ఇంటికి తిరిగి రావచ్చును. ఇటీవల ఆ కారులో మరొక యాత్రికుడు కూడ కనిపిస్తున్నాడు. అందరికంటె ముందే ఎక్కి, కిటికీవద్ద చోటు సంపాదించి, మెడ చాచి పొలంగట్ల గాలిని పీల్చేవాడు అతడే. ఇంట పెంచుకొన్న శునకం. దానిని ఒంటరిగా వదలిరావడానికి పిల్లలు ఒప్పుకొనరు. చాలా ఇండ్లలో పెద్దలకూ మనసొప్పదు. మరి చారిత్రక స్థలంలోనికి దానికి ప్రవేశమున్నదా?

చట్టం చెప్పే సమాధానం క్లుప్తమైనది. ప్రాచీన కట్టడాలను, పురావస్తు స్థలాలను కాపాడడానికి పార్లమెంటు 1958లో చేసిన చట్టం క్రింద 1959లో నిబంధనలు ఏర్పడినవి. రక్షిత కట్టడంలో చేయరాని పనులను వాటిలో ఎనిమిదవ నిబంధన పేర్కొంటుంది. తుపాకి పేల్చరాదు, అనుమతి లేనిచోట వండుకొని తినరాదు, సరుకులు అమ్మరాదు, బిచ్చమెత్తరాదు. ఆ వరుసలోనే, కట్టడపు సంరక్షణకు అవసరమైతే తప్ప ఏ జంతువునూ లోనికి తీసుకొనిరారాదని ఉన్నది. పెదవేగి, దెందులూరు దిబ్బలూ, గుంటుపల్లి బౌద్ధావశేషాలూ కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనివే కనుక అక్కడ ఇదే శాసనం. 'తీసుకొనిరారాదు' అన్న మాటను గమనించండి. తనంతట తానే వచ్చి స్తూపం నీడలో పడుకొనే ఊరకుక్క ఊసు నిబంధన ఎత్తలేదు. ప్రభుత్వం మనుష్యునితోనే మాట్లాడగలదు గదా!

ఈ నిషేధం వెనుక శునకంపై ద్వేషమేమీ లేదు. పెదవేగిలో చూడవలసినవి గోపురాలు కావు, దిబ్బలు. నాలుగవ శతాబ్దంలో సముద్రగుప్తుని ప్రయాగ స్తంభశాసనం పేర్కొన్న వేంగి ప్రభువు హస్తివర్మ సాలంకాయన వంశీయుడు. ఆ వంశపు రాజులు కొలిచిన దైవం చిత్రరథస్వామి. ఏడవ శతాబ్దంలో కుబ్జవిష్ణువర్ధనునితో ఆరంభమైన తూర్పు చాళుక్యులూ వేంగి చాళుక్యులనే పేరుతోనే ప్రసిద్ధులైనారు. అంతటి నగరం ఈనాడు మన్నుపొరలుగా మిగిలినది. క్రిందిపొరలోని పెంకు పైపొరలోని పెంకుకంటె పాతది. పురాతత్త్వజ్ఞునికి ఇదే అక్షరాభ్యాసం. కుక్కకు మన్ను త్రవ్వే స్వభావమున్నది. ఒక అడుగు గొయ్యి తీసి పెంకును పైకి లాగినదంటే, ఆ పెంకు ఏ కాలానిదో చెప్పే సాక్ష్యం అంతటితో చెడినట్లే. అందుచేత నిబంధన న్యాయమైనదేనని నా అభిప్రాయం. అయినా ఒక మాట అనకుండ ఉండలేను. అమరావతి మహాస్తూపపు శిలలను కట్టడాలకు మోసుకొనిపోయినవీ, సున్నానికి కాల్చినవీ కుక్కలు కావు.

ద్వారం దగ్గరి ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. వేంగి చాళుక్యులలో రాజరాజనరేంద్రుడు పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరాన నన్నయభట్టును భారతం తెనిగింపుమని కోరినాడు. ఆ భారతంలో ఉపోద్ఘాతం దాటగానే వచ్చే కథ ఏది? యజ్ఞభూమినుండి కొట్టి తరిమివేయబడిన ఒక కుక్కపిల్ల కథ. జనమేజయుడు యాగం చేస్తుండగా, దేవతల కుక్క అయిన సరమ కుమారుడు ఆడుకొంటూ అక్కడికి వచ్చినాడు. రాజుగారి తమ్ములు వానిని కొట్టినారు. వాడు హవిస్సును నాకలేదు, దానివైపు చూడనైనా లేదు అంటుంది సంస్కృతమూలం. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన అపరాధమేమని అడిగినది. జవాబు లేదు. నిరపరాధులకు కీడు చేసినవారికి అనుకోని భయం కలుగుతుందని చెప్పి ఆమె వెళ్లిపోయినది. ఆ మాటకు జడిసి జనమేజయుడు శాంతి చేయించుకొనడానికి సోమశ్రవసుడనే పురోహితుని వెదకి తెచ్చుకొనవలసివచ్చినది.

ఇక ఆ చివర, తిక్కన తెనిగించిన మహాప్రస్థానికపర్వంలో, మరొక ద్వారం, మరొక కుక్క. ద్రౌపదీ, నలుగురు తమ్ములూ హిమాలయమార్గంలో ఒక్కరొక్కరే పడిపోగా ధర్మరాజు వెంట మిగిలినది అదొక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కుమన్నాడు; కుక్కకు మాత్రం స్వర్గంలో చోటు లేదన్నాడు. ఆశ్రయించినదానిని విడువనన్నాడు ధర్మజుడు. ఆ శునకం ధర్మదేవతయే అని అందరూ ఎరిగిన కథ. అయితే సాధారణంగా మనం గమనింపని అంశం ఒకటి ఇందులో ఉన్నది. ఇంద్రుడు చెప్పినది అక్కడి నిబంధన. ధర్మరాజు దానిని ధిక్కరించి కుక్కను రథంలోనికి నెట్టలేదు. అయితే నేనూ రానన్నాడు. నిబంధన నిబంధనగానే ఉన్నది, స్నేహం స్నేహంగానే ఉన్నది. నష్టం మాత్రం తాను భరించడానికి సిద్ధపడినాడు.

ఇదే హిమాలయంలో 2022 మే నెలలో దీనికి భిన్నమైన ఉదంతం జరిగినది. ఒక గృహస్థు తాను పెంచుకొన్న హస్కీ జాతి శునకాన్ని కేదారనాథం తీసుకొనిపోయి, ఆలయం వెలుపలి నందివిగ్రహాన్ని దాని పాదాలతో తాకించి, నుదుట బొట్టు పెట్టించి, ఆ దృశ్యాన్ని లోకానికి చూపించినాడు. ఆలయ కమిటీ పోలీసులకు ఫిర్యాదు చేసినది. ఆయన ప్రేమను నేను శంకించడం లేదు. కాని ఆ యాత్రలో కుక్క కోరినదేమిటి? అది కోరేది యజమాని ప్రక్కన నడవడమే. నందిని తాకవలెనన్న కోరిక మనుష్యునిది.

శునకానికి చరిత్రలో స్థానమేమిటని నవ్వేవారికి ఒక శిలాసాక్ష్యం చూపవచ్చును. కర్ణాటకంలోని మండ్య జిల్లాలో ఆతకూరు అనే గ్రామమున్నది. అక్కడి కన్నడ శాసనం క్రీస్తుశకం 949-50 నాటిది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు తక్కోలం యుద్ధంలో చోళులను ఓడించినాడు. చోళ రాజకుమారుడు రాజాదిత్యుడు గంగరాజు బూతుగుని చేతిలో మరణించినాడు. ఈ కృష్ణుడే పిదప వేంగి వ్యవహారాలలో తలదూర్చి, రెండవ అమ్మరాజును తొలగించి బాడపుని నిలిపినవాడు. ఆ తక్కోలం యుద్ధంలో శౌర్యం చూపిన మణలేరుడనే వీరుని మెచ్చి ప్రభువు వరం కోరుకొమ్మన్నాడు. మణలేరుడు కోరినది ఒక వేటకుక్కను. దాని పేరు కాళి. తరువాత ఆ కాళి ఒక పెద్ద అడవిపందిపై దూకినది. హోరాహోరీగా పోరాడి రెండూ చచ్చినవి. మణలేరుడు చెల్లేశ్వరుని ఆలయం ముందు శిల నిలిపించి, దాని పూజకు భూమి ఏర్పాటు చేసినాడు. ఆ భూమిని అనుభవించే పూజారి శిలను పూజింపక భోజనం చేస్తే పాపం పొందుతాడని కూడ శాసనంలో వ్రాయించినారు. రాజుల యుద్ధమూ, కుక్క మరణమూ ఒకే రాతిపై! ఆ శిల ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. చరిత్రకారులు దానిని తక్కోలం యుద్ధానికి సాక్ష్యంగా చదువుతారు. దానిని నిలిపినవాని దుఃఖం కాళి కోసం.

స్థలాలను చూపించిన కీర్తి కూడ కుక్కలకు దక్కినది. విజయనగరం వెలసినచోట కుందేలు వేటకుక్కలపై తిరగబడినదన్న కథను పదహారవ శతాబ్దపు పోర్చుగీసు రచయిత నూనిజ్ వ్రాసిపెట్టినాడు. ఫ్రాన్సులో 1940 సెప్టెంబరులో లాస్కో గుహాచిత్రాలు బయటపడినప్పుడు, ఆ బిలాన్ని మొదట ఒక బాలుని కుక్క కనుగొన్నదని చెప్పుకొంటారు. ఇట్టి కథలలో కల్పన పాలెంతో తేల్చడం కష్టం. కాని సింధు నాగరికతకు చెందిన చన్హుదారోలో 1935-36 త్రవ్వకాలలో దొరికిన ఇటుక కథ కాదు. పచ్చిగా ఉన్నప్పుడు దానిమీదుగా పిల్లి ఒకటి పరుగెత్తినది, వెనుకనే కుక్క తరిమినది. రెండింటి పాదముద్రలూ నాలుగువేల యేండ్లు దాటినా చెరగలేదు.

ఇక మన యాత్రికుని సంగతి. గుంటుపల్లి కొండ కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం గ్రామం వద్ద ఉన్నది. మెట్లెక్కి పోతే రాతిలో తొలిచిన గుండ్రని చైత్యగృహం కనిపిస్తుంది. దాని కప్పులో కర్రవాసాలవలె చెక్కిన రాతివాసాలు, నడుమ స్తూపం. గ్రామస్థులు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలిచినారు. బీహారులోని బరాబర్ కొండగుహలతో పోల్చే ఈ గుహ క్రీస్తుకు పూర్వపుది. ఇంతటిదానిని ఉరుకులు పరుగులుగా చూడరాదు. కుక్క వెంట ఉన్న కుటుంబం రెండు జట్లుగా విడిపోవడం మేలు. ఒకరు క్రింద చెట్టునీడలో గొలుసు పట్టుకొని కూర్చుండాలి. చూచివచ్చినవారు గొలుసు అందుకొన్న తరువాత వారు ఎక్కాలి. ఎండలో కారు అద్దాలు మూసి కుక్కను లోపల ఉంచడం ప్రాణాంతకం. ఆ పని ఏ కొద్దిసేపటికైనా చేయరాదు.

గేటూ టికెట్టూ లేని చరిత్ర కావాలంటే ఇంటిదగ్గరే ఉన్నది. క్రీస్తుశకం 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి వర్ణించిన యుద్ధం మన కొల్లేటి నీటిలో జరిగినదే. రెండవ పులకేశి సేనల ధాటికి ఆ నీరు ఎర్రబారినదని ఆయన చెప్పినాడు. ఆ సరస్సునుండి సముద్రానికి పోయే ఉప్పుటేరు ఆకివీడు ప్రక్కనుండియే పోతున్నది. కొల్లేటికోటలో ఒడ్డె ప్రభువు ఉండగా ముసల్మాను సేన వచ్చి ఒడ్డున విడిసినదనీ, నీటిని తీసివేయడానికి కాలువ త్రవ్వించి, దేవతల ప్రీతికై తన కుమార్తెనే బలి ఇచ్చినాడనీ, అందుచేత ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు వచ్చినదనీ ఐతిహ్యం. చరిత్రగా దీనిని నిలబెట్టడం కష్టమే. గట్టుమీద నడుస్తూ పిల్లలకు చెప్పడానికి మాత్రం ఇంతకంటె బరువైన కథ లేదు. కోటలోని పెద్దింట్లమ్మ ఆలయానికి ఆలయాచారమే ప్రమాణం. కైకలూరు దగ్గరి ఆటపాక గూడబాతుల విడిదికి కుక్కను అసలే తీసుకొనిపోరాదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది పక్షులకోసం. గూళ్లలో పిల్లలున్న తల్లిపక్షికి ఒక్క మొరుగు చాలు, బెదరి లేచిపోవడానికి.

ఉప్పుటేటి గట్టున ఉదయం ఏడు గంటలలోపల, గొలుసు చేతికి చుట్టుకొని, వెళ్లిరండి. పాములున్న గడ్డిలోనికి పోనీయకండి. వేసవిలో సముద్రపు పోటుతో ఆ నీరు ఉప్పనవుతుంది. కుక్కకు త్రాగునీటిని ఇంటినుండియే సీసాలో పట్టుకొనిపోవాలి.