గల్ఫ్ యుద్ధాలు – ప్రాంతీయ ఆర్థిక, పర్యావరణ భద్రత

పర్షియన్ గల్ఫ్ తీర దేశాలు చమురు అమ్ముకునేదీ, చేపలు పట్టుకునేదీ, తాగేందుకు నీళ్లు తోడుకునేదీ ఒకే సముద్రంలో. సగటు లోతు సుమారు 35 మీటర్లే. మహాసముద్రంలోకి హోర్ముజ్ జలసంధి ఒక్కటే దారి. అందుకే 1980 తర్వాత ఇక్కడ జరిగిన యుద్ధాల్లో ఆర్థిక నష్టం, పర్యావరణ నష్టం అని వేరు చేసి లెక్కగట్టడం కష్టం.

సముద్ర కాలుష్యాన్ని కలిసి ఎదుర్కొంటామంటూ ఇరాన్, ఇరాక్‌లతో సహా ఎనిమిది తీర దేశాలు 1978లో కువైట్ ఒప్పందం చేసుకున్నాయి. రెండేళ్లకే ఆ ఇద్దరి మధ్యే యుద్ధం మొదలైంది. 1983లో ఇరాన్‌కు చెందిన నౌరూజ్ చమురు క్షేత్రంలో ఒక ట్యాంకర్ బావి వేదికను ఢీకొట్టింది. మార్చిలో ఇరాక్ దాడులతో మంటలు రేగాయి. యుద్ధం నడుస్తుండటంతో బావుల దగ్గరికి వెళ్లే వీలు లేక, నెలల తరబడి చమురు సముద్రంలో కలిసింది. ఒప్పందం ఉంది, సంతకాలున్నాయి, కాల్పులు మాత్రం ఆగలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. మరుసటి జనవరిలో అమెరికా నేతృత్వంలోని సంకీర్ణ సేనల దాడి మొదలయ్యాక ఇరాక్ సైన్యం మీనా అల్ అహ్మదీ రేవు నుంచి, ట్యాంకర్ల నుంచి లక్షల పీపాల చమురును సముద్రంలోకి వదిలింది. అంచనాలు 40 లక్షల నుంచి 1.1 కోట్ల పీపాల దాకా ఉన్నాయి. సౌదీ అరేబియాలో వందల కిలోమీటర్ల తీరం నల్లబారింది, వేలాది నీటికాకులు చనిపోయాయి. జుబైల్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాన్ని మాత్రం తేలియాడే అడ్డుకట్టలతో కాపాడుకోగలిగారు. అది ఆగిపోయి ఉంటే నగరాల్లో తాగునీటికి కటకట వచ్చేది.

వెనుదిరిగే ఇరాక్ సైన్యం కువైట్‌లో 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. ఆర్పడానికి అమెరికా, కెనడా, ఇరాన్, చైనా, కువైట్ బృందాలు దిగాయి. హంగరీ వాళ్లయితే పాత యుద్ధ ట్యాంకు మీద జెట్ ఇంజన్లు బిగించి నీళ్లు చిమ్మారు. మొన్నటిదాకా చమురును తీరానికి మోసిన గొట్టాల్లోనే సముద్రపు నీటిని ఎదురు తోడారు. ఆఖరి బావిని నవంబరు 6న మూశారు. పొగ వల్ల దక్షిణాసియాలో పంటలు దెబ్బతింటాయని శాస్త్రవేత్త కార్ల్ సాగన్ వంటివారు హెచ్చరించారు గానీ, ఆ పొగ వాతావరణంలో ఎత్తైన స్ట్రాటోస్ఫియర్ పొరను చేరలేదు, ఆ ముప్పు తప్పింది. ఎడారిలో మిగిలిన చమురు మడుగులు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి.

భారత్‌కు దెబ్బ మరో దారిలో తగిలింది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవారితో సహా 1,70,000 మందికి పైగా భారతీయులను వెనక్కి తీసుకొచ్చారు. వారిలో ఎక్కువమంది అమ్మాన్ మీదుగా విమానాల్లో వచ్చారు. వాళ్లు ఇళ్లకు పంపే సొమ్ము ఆగింది, చమురు ధర రెట్టింపు దాటింది. అప్పటికే బలహీనపడిన విదేశీ మారక నిల్వలు దాదాపు అడుగంటాయి. 1991 జులైలో, పి.వి. నరసింహారావు ప్రభుత్వం వచ్చిన కొత్తలో, సుమారు 47 టన్నుల బంగారం తాకట్టుకు వెళ్లింది.

ఇక ఈ నష్టాలకు బాధ్యత మాటకొస్తే, పర్యావరణానికి తీవ్ర హాని కలిగించే యుద్ధ పద్ధతులను 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ నిషేధించింది. కానీ 1991 నాటికి ఇరాక్ గానీ, అమెరికా గానీ దాన్ని ఆమోదించలేదు. ఆచరణలో పనికొచ్చింది ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 687వ తీర్మానం. పర్యావరణ నష్టానికి కూడా ఇరాక్‌దే బాధ్యత అని అందులో విడిగా రాశారు. ఇరాక్ చమురు ఆదాయంలో కొంత మినహాయించి పరిహార కమిషన్ ద్వారా చెల్లించారు. మొత్తం చెల్లింపు సుమారు 5,240 కోట్ల డాలర్లు. స్వదేశం చేరిన భారతీయ కార్మికులకూ అందులో వాటా దక్కింది. పర్యావరణం పద్దు కింద దాదాపు 8,500 కోట్ల డాలర్లు అడిగితే మంజూరైనవి 526 కోట్లు. ఓడిన దేశం దగ్గర చమురుండి, దాని అమ్మకంపై మండలి పట్టు ఉండబట్టే ఇంతైనా వసూలైంది.

2022 జనవరిలో చివరి వాయిదా చెల్లింది. 1990 ఆగస్టు 2 తర్వాతి నష్టాలే కమిషన్ పరిధిలోకి వచ్చాయి గనుక, నౌరూజ్ కాలుష్యం దాని ముందుకు రానేలేదు.